వంగే చోట పుట్టే నాదం

ప్రతి సంగీత వాద్యంలోనూ కదిలే భాగం ఒకటి, ఆ కదలికను పట్టి నిలిపే భాగం మరొకటి ఉంటాయి. వీణలో తీగ కదులుతుంటే దండి, కుండ, బిరడాలు దాన్ని పట్టి నిలుపుతాయి. మృదంగంలో చర్మం అదురుతుంటే పనస కట్టె దాని అంచుకు ఆధారమవుతుంది. పిల్లనగ్రోవిలో గాలి ఊగిసలాడుతుంటే వెదురు గోడ దానికి హద్దు గీస్తుంది. పాశ్చాత్య దేశాల వాద్య నిర్మాణ చరిత్రలో చాలా భాగం, ఈ పట్టి నిలిపే భాగాన్ని ఎంత దృఢంగా చేయవచ్చునన్న ప్రయత్నంతోనే గడిచింది. 1825లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆల్ఫియస్ బాబ్‌కాక్ అనే పియానో తయారీదారు ఒకే ముక్కగా పోతపోసిన ఇనుప చట్రానికి పేటెంటు పొందాడు. ఆ దారిలో ఎదిగిన నేటి పెద్ద పియానోలో రెండు వందలకు పైబడిన తీగలు కలిసి లాగే బలం సుమారు 20 టన్నులు ఉంటుంది, అంత బలానికీ ఆ చట్రం చెక్కుచెదరదు కనుకనే శ్రుతి చేసిన పియానో చాలాకాలం ఆ శ్రుతిలోనే నిలుస్తుంది.

దృఢత్వం వల్ల ఒనగూడేది భరోసా. దానితో పాటే దూరమయ్యేది స్వరాన్ని చేతితో మలిచే చనువు. పియానో మీద ఒక మీటను నొక్కితే ఏ స్వరం పలకాలో శ్రుతి చేసిన నాడే తేలిపోయి ఉంటుంది. పలికిన తరవాత ఆ స్వరాన్ని జార్చడానికి గానీ, ఊపడానికి గానీ, పక్క స్వరంలోకి వంచడానికి గానీ వాయించేవారికి వీలుండదు. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు ప్రయోగశీలురైన వాద్య నిర్మాతలు ఈ ఏర్పాటును తిరగవేసి, వంగే రేకును, సాగే రబ్బరును, ముడుచుకునే స్ప్రింగును, ఉబ్బే పొరను, నొక్కితే లోపలికి పోయే స్పంజిని వాద్యం నడిబొడ్డున నిలిపారు. వంగడాన్ని వారు లోపంగా చూడలేదు, వాద్యపు గొంతుగా స్వీకరించారు. వారి శ్రమనంతా ఒక్క ప్రశ్న కిందికి తేవచ్చు: వాద్యంలో ఏ చోటును బిగించాలి, ఏ చోటును వదలాలి? ఏ పదార్థం వాడాలన్న ప్రశ్న కూడా దీని తరవాతనే వస్తుంది.

బిగువు, బరువు, పొడవు

తీగ పలికే శ్రుతి మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: తీగ పొడవు, దాని బిగువు, అంగుళానికి దాని బరువు ఎంత అన్నది. ఫ్రెంచి పండితుడు మారాన్ మెర్సెన్ 1636లో వెలువరించిన గ్రంథంలో ఈ మూడింటికీ శ్రుతికీ ఉన్న సంబంధాన్ని సూత్రాలుగా చెప్పాడు. పొడవును సగం చేస్తే శ్రుతి ఒక స్థాయి పైకి, అంటే మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి చేరుతుంది; బిగువు వల్ల అంతే ఎత్తుకు చేరాలంటే మాత్రం దాన్ని నాలుగింతలు చేయవలసి ఉంటుంది. అయితే ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి జరగడానికి బిగువు సుమారు 12 శాతం పెరిగితే చాలు గనుక, తీగను కట్టిన చట్రం కాస్త వంగినా, తీగ కాస్త పక్కకు జరిగినా స్వరం మారిపోతుంది. దృఢమైన వాద్యం చేసేవారికి ఇది భయం. వంగే వాద్యం చేసేవారికి ఇదే అవకాశం.

ఇక్కడే పదార్థపు స్వభావం ముందుకు వస్తుంది. ఒకే మందం గల ఉక్కు తీగను, రబ్బరు తీగను ఒకే మేర సాగదీయాలంటే ఉక్కుకు కావలసిన బలం రబ్బరుకు కావలసిన దానికంటే పదివేల రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల ఉక్కు తీగ వెంట్రుకవాసి సాగినా శ్రుతి గణనీయంగా మారుతుంది, నైలాను తీగలో అదే మార్పు రావడానికి మరికొంత లాగవలసి వస్తుంది, రబ్బరులోనైతే చేతికి చాలా దూరం ప్రయాణం ఉంటుంది. వాద్య నిర్మాత దృష్టిలో ఈ తేడా సంగీతపరమైనదే, ఎందుకంటే చేయి ఎంత కదిలితే స్వరం ఎంత కదలాలన్న నిష్పత్తిని నిర్ణయించేది ఇదే. ఆ నిష్పత్తి మరీ ఎక్కువైతే చేతి వణుకు కూడా అపస్వరంగా వినిపిస్తుంది, మరీ తక్కువైతే గమకం పలికించడానికి చేయి అలసిపోతుంది.

రబ్బరు విషయంలో ఇంకొక వింత ఉంది. మామూలు రబ్బరు బ్యాండును రెండు వేళ్ల మధ్య పట్టి మీటుతూ క్రమంగా సాగదీస్తే శ్రుతి బాగా పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు, కాని అది ఆశ్చర్యకరంగా దాదాపు అక్కడే ఉండిపోతుంది. సాగిన కొద్దీ బిగువు పెరిగి శ్రుతిని పైకి లాగుతుంది, తీగ సన్నబడి తేలికై అదీ పైకే లాగుతుంది, కాని అదే సమయంలో మోగే పొడవు పెరిగి శ్రుతిని కిందికి లాగుతుంది. ఈ లాగుళ్లు ఒకదానినొకటి దాదాపు సరిపెట్టుకోవడం వల్ల స్వరం కదలదు. మోగే పొడవును రెండు ఆధారాల మధ్య స్థిరంగా ఉంచి, వాటికి అవతల నుంచి రబ్బరును లాగితే మాత్రం శ్రుతి చక్కగా పెరుగుతుంది. సాగే పదార్థం ఒక్కటే వాద్యం కాదనీ, దాని పక్కన సాగని హద్దు ఒకటి ఉన్నప్పుడే అది చేతి మాట వింటుందనీ తెలియజెప్పే ఈ ప్రయోగానికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

చట్రమే వంగితే

తీగను సాగదీయడానికి అతి సహజమైన దారి, తీగను మోసే కర్రనే వంచడం. బెంగాల్ బావుల్ గాయకుల గోపీయంత్రంలో వెదురు బొంగును పైభాగాన గణుపు దగ్గర వదిలి కింది భాగాన్ని రెండుగా చీలుస్తారు; ఆ రెండు బద్దలు కింద ఉన్న తోలు మూసిన బుర్రకు అటూ ఇటూ బిగుసుకొని ఉంటాయి, బుర్ర నుంచి లేచిన ఒకే తీగ పైన బిరడాకు చేరుతుంది. వాయించే చేయి ఒక వేలితో తీగను మీటుతూనే మిగిలిన వేళ్లతో బద్దలను అదిమి వదులుతుంటే తీగ బిగువు మారి స్వరం ఊగిపోతుంది. వియత్నాం దేశపు డాన్ బావు అనే ఏకతంత్రి ఇదే సూత్రాన్ని మరింత నేర్పుగా వాడుకుంటుంది. అందులో తీగ ఒక కొస పెట్టెకు, మరొక కొస నిలువుగా నిలబెట్టిన వంగే కడ్డీకి కట్టి ఉంటుంది. కుడి చేతి అంచుతో తీగను కొన్ని బిందువుల దగ్గర తాకి పై అనుస్వరాలను (ఓవర్‌టోన్లను) పలికిస్తూ, ఎడమ చేత్తో కడ్డీని ఇటూ అటూ వంచి వాటి మధ్య ఉన్న స్వరాలన్నింటినీ అల్లుతారు. ఒక పెట్టె, ఒక తీగ, ఒక కడ్డీ తప్ప మరేమీ లేని ఆ వాద్యం మనిషి గొంతుకు అతి దగ్గరగా పలుకుతుంది.

తెలుగు నేల మీద ఈ కుటుంబానికి చెందిన వాద్యాలు ఉత్తరాంధ్ర జముకుల కథలోనూ, తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి చేతిలోనూ బతికి ఉన్నాయి. జముకు గానీ జమిడిక గానీ ఒకవైపు తోలు మూసిన గుండ్రటి పాత్ర. ఆ తోలు మధ్య నుంచి బయలుదేరిన తంతి కొసన చేతితో పట్టుకునే చిన్న పిడి ఉంటుంది. పాత్రను చంకలో ఇరికించి, ఒక చేత్తో తంతిని లాగి పట్టి, మరొక చేత్తో మీటినప్పుడు తంతి అదురు తోలుకు చేరి బయటికి వస్తుంది, చేతి బిగువు పెరిగిన కొద్దీ స్వరం పైకి లేస్తుంది. ఇది తోలు వాద్యమా, తంత్రీ వాద్యమా అన్న చర్చ వాద్యశాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలంగా ఉంది. ఆ చర్చ ఎటు తేలినా, ఈ వాద్యంలో బిరడా స్థానంలో మనిషి చెయ్యే ఉందన్నది గమనించవలసిన విషయం: శ్రుతిని కుదిర్చి వదిలేయడమన్నది ఇక్కడ లేదు, కథ సాగినంత సేపూ శ్రుతి చేతిలోనే పుడుతుంటుంది.

పాశ్చాత్య గిటారు కూడా చివరికి ఈ దారికి వచ్చింది. 1954లో మార్కెట్టులోకి వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారులో తీగలు కట్టిన గుర్రాన్ని (బ్రిడ్జిని) కదలకుండా బిగించకుండా, ఒక అంచు మీద ఊగేటట్లు నిలిపి, తీగల లాగుడుకు ఎదురుగా వెనుక వైపున స్ప్రింగులను అమర్చారు. రెండు బలాలూ తూకంలో ఉన్నంతవరకు శ్రుతి నిలుస్తుంది. చిన్న కడ్డీతో ఆ తూకాన్ని కదిలిస్తే ఆరు తీగల స్వరాలూ ఒక్కసారిగా జారి, వదలగానే తిరిగి తమ చోటుకు వస్తాయి. వంగిన వస్తువును తిరిగి యథాస్థానానికి తెచ్చే ఈ స్థితిస్థాపక గుణమే వంగే వాద్యాలన్నింటికీ ప్రాణం.

రేకు పాడే చోటు

తీగను వదిలి రేకు దగ్గరికి వస్తే కథ మరింత ఆసక్తికరంగా మారుతుంది. 1920ల తొలినాళ్లలో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పేటెంటు పొందిన ఫ్లెక్సటోన్ అనే చిన్న వాద్యంలో, తీగ చట్రానికి ఒక చివర బిగించిన పలుచని ఉక్కు రేకు, దానికి అటూ ఇటూ స్ప్రింగు కాడల మీద ఊగే రెండు చెక్క గుళ్లు ఉంటాయి. చేతిని ఊపితే గుళ్లు రేకును కొడతాయి, బొటనవేలితో రేకును వంచితే స్వరం జారుతుంది. ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ 1928లో పూర్తి చేసిన తన వాద్యబృంద రచనలో దీనికి చోటిచ్చాడు, ఆరమ్ ఖచతూరియన్ 1936 నాటి పియానో కన్చెర్టోలోనూ దీనికి స్వరాలు రాశాడు.

దీనికంటే లోతైనది వడ్రంగి రంపం. రంపపు పిడిని మోకాళ్ల మధ్య ఇరికించి, కొసను ఎడమ చేత్తో పట్టి, రేకును మొదట ఒకవైపుకు, కొసన దానికి ఎదురువైపుకు వంచితే అది పాము మెలిక తిరిగినట్లవుతుంది. అలా వంచిన రేకు అంచు మీద వయొలిన్ కమాను రాస్తే, ఒక వంపు ముగిసి ఎదురు వంపు మొదలయ్యే చోట, ఎక్కడైతే రేకు కొద్ది మేర చదునుగా ఉంటుందో సరిగ్గా అక్కడ, దీర్ఘమైన స్పష్టమైన నాదం పుడుతుంది. మిగిలిన చోట్ల రాస్తే పొడి చప్పుడు మాత్రమే వస్తుంది. రేకును ఒకే వైపుకు వంచితే ఎక్కడ రాసినా అలాంటి నాదం రాదు.

దీని కారణాన్ని ఒక కాగితంతో అర్థం చేసుకోవచ్చు. చదును కాగితాన్ని ఒక అంచు దగ్గర పట్టుకుంటే అది వాలిపోతుంది; అదే కాగితాన్ని కొద్దిగా దోనెలా వంచి పట్టుకుంటే వాలకుండా నిలుస్తుంది. వంపు పలుచని రేకుకు గట్టితనం ఇస్తుంది. రంపం మెలికలో అటూ ఇటూ ఉన్న వంపులు గట్టిబడి, నడుమ ఉన్న చదును భాగమొక్కటే మెత్తగా ఉండడం వల్ల, ఆ భాగంలో పుట్టిన అల వంపుల్లోకి పోలేక రెండు గోడల మధ్య చిక్కుకున్నట్లు అక్కడే తిరుగాడుతుంది. ఆ శక్తి పిడి వైపు గానీ చేతి వైపు గానీ కారిపోదు గనుక నాదం ఆగకుండా మోగుతుంది. ఈ చిక్కుకునే అలల గణితాన్ని స్కాట్, వుడ్‌హౌస్ అనే శాస్త్రజ్ఞులు 1992లో వివరించారు. 2022లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సూరజ్ శంకర్, పేటూర్ బ్రిడే, ఎల్. మహదేవన్ ఈ విషయాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లి, వంపు దిశ మారే చోటు ఉండడమే ఆ నాదానికి మూలమనీ, రేకు ఆకారంలో చిన్నచిన్న లోపాలున్నా అది చెదరదనీ చూపించారు. పట్టుకునే మేకు గానీ బిగించే మర గానీ లేకుండా, వంగడం ద్వారానే ఒక వస్తువు తనలో దృఢమైన హద్దులను నిర్మించుకోగలదన్న ఈ సత్యం వాద్య నిర్మాణంలో దొరికిన అపురూపమైన పాఠాల్లో ఒకటి.

స్ప్రింగులో దాగిన గుహ

స్ప్రింగు అంటే చుట్టగా చుట్టిన పొడవైన తీగ. అందుకే చేతిలో ఇమిడేంత స్ప్రింగులో మీటర్ల కొద్దీ దారి ఉంటుంది. ఒక చివర పుట్టిన అదురు ఆ దారి వెంట పోయి, అవతలి చివర తగిలి, మళ్లీ మళ్లీ వెనక్కి రావడం వల్ల గుహలో ప్రతిధ్వని విన్న భావన కలుగుతుంది. అమెరికాలోని హామండ్ సంస్థ తన విద్యుత్ ఆర్గన్లకు చర్చి మందిరపు మారుమోతను తేవడానికి స్ప్రింగులను వాడింది, 1960ల్లో గిటారు ఆంప్లిఫయర్లలోకి కూడా అవి చేరాయి. బిరుసైన లోహపు తీగ మీద ఎక్కువ పౌనఃపున్యం గల అలలు తక్కువ పౌనఃపున్యం గల అలల కంటే వేగంగా పోతాయి గనుక, దూరం నుంచి విన్నప్పుడు ఒకే దెబ్బ పై స్వరం నుంచి కింది స్వరానికి జారే కూతగా మారుతుంది. 1977 నాటి స్టార్ వార్స్ చిత్రంలో ఆయుధాల చప్పుడు కోసం ధ్వని రూపకర్త బెన్ బర్ట్ ఒక టవరును పట్టి నిలిపే ఉక్కు తీగను కొట్టి రికార్డు చేసింది ఈ గుణాన్నే.

బ్రిటన్‌కు చెందిన హ్యూ డేవీస్ స్ప్రింగును తోడు సాధనంగా కాక వాద్యంగానే నిలబెట్టాడు. 1943లో పుట్టి 2005లో మరణించిన ఆయన, యువకుడిగా స్వరకర్త స్టాక్‌హౌజెన్‌కు సహాయకుడిగా పనిచేసి, ఆ తరవాత పలక మీద స్ప్రింగులను లాగి బిగించి, అయస్కాంత పికప్పులతో వాటి సన్నని అదురును వినిపించే స్ప్రింగ్‌బోర్డు అనే వాద్యాల వరుసను తయారు చేశాడు. టర్కీకి చెందిన గోర్కెమ్ షెన్ రూపొందించిన యైబహార్ అనే వాద్యంలో విద్యుత్తు ప్రసక్తే లేదు: నిలువు దండానికి కట్టిన తీగలను కమానుతో రాస్తే ఆ అదురు రెండు పొడవైన స్ప్రింగుల గుండా ప్రయాణించి రెండు డప్పుల వంటి పొరలకు చేరుతుంది, వినేవారికి అది యంత్రాలతో చేసిన ధ్వనిలా తోస్తుంది. తీగ, స్ప్రింగు, పొర అనే మూడు మెత్తని వస్తువుల గొలుసులో ప్రతి కొక్కెం దగ్గరా నాదం రూపు మార్చుకుంటుంది.

నాలుక, పొర, గాలి

ఒక చివర బిగించి మరొక చివర వదిలిన పట్టీని వాద్యశాస్త్రంలో నాలుక అంటారు. హార్మోనియం లోపలి ఇత్తడి రీడు, కర్ణాటక కచేరీలో వినిపించే మోర్సింగ్ నడుమ ఉన్న ఉక్కు పుల్ల ఈ కోవకు చెందినవే. తీగను సగానికి కుదిస్తే శ్రుతి ఒక స్థాయి పెరుగుతుంది, నాలుకను సగానికి కుదిస్తే రెండు స్థాయిలు పెరుగుతుంది. ఈ చురుకుదనాన్ని జర్మనీకి చెందిన గిటారు కళాకారుడు హాన్స్ రైషెల్ 1980ల్లో డాక్సోఫోన్ అనే వాద్యంగా మలిచాడు. పలుచని చెక్క నాలుకను ఒక దిమ్మెకు బిగించి, దాని అంచు మీద కమాను రాస్తూ, అడుగు వంపు తిరిగిన చిన్న చెక్కను నాలుక మీద దొర్లిస్తే మోగే పొడవు నిరంతరంగా మారుతుంది. చెక్క జాతిని, నాలుక ఆకారాన్ని బట్టి అది గొణుగుతుంది, నవ్వుతుంది, మూలుగుతుంది. పిట్టల కూతకూ మనిషి మాటకూ నడుమ ఉండే ఆ ధ్వని ఒక చెక్కముక్కలోంచి వస్తున్నదంటే నమ్మడం కష్టం.

పొరల విషయంలో భారతీయులు ఏనాడో సాధించిన ఒక ఘనత ఉంది. అంతటా ఒకే మందం గల తోలును కొడితే దాని అనుస్వరాలు మూల స్వరంతో పొత్తు కుదరని నిష్పత్తుల్లో, మొదటిది 1.59 రెట్ల దగ్గర, వస్తాయి. అందుకే మామూలు డప్పుకు స్పష్టమైన శ్రుతి ఉండదు. మృదంగపు కుడివైపు తోలు మీద నల్లని ముద్దను పొరలు పొరలుగా పూయడంతో ఆ అనుస్వరాలు రెండు, మూడు, నాలుగు రెట్ల సరళ నిష్పత్తుల్లోకి ఒదుగుతాయని సి.వి. రామన్ 1920లో నేచర్ పత్రికలో సహచరుడితో కలిసి ప్రకటించారు. ఆ ముద్ద బరువును ఇవ్వాలి గాని తోలును బిరుసు చేయకూడదు. పూసిన ప్రతి పొరనూ రాతితో రుద్దినప్పుడు ఏర్పడే సన్నని పగుళ్లు ఆ పనిని నెరవేరుస్తాయి, గట్టి రేణువుల మధ్య ఉన్న ఆ సందుల వల్లనే తోలు వంగగలుగుతుంది. బరువును ఒకచోట చేర్చి బిరుసుదనాన్ని మాత్రం రానివ్వకుండా చూడడమన్నది నేటి పదార్థ శాస్త్రజ్ఞులు కూడా గౌరవించే నైపుణ్యం.

ప్రయోగ వాద్యకారులు ఇదే పొరను గాలితో మాట్లాడించారు. ప్లాస్టిక్ గొట్టం కొసకు బెలూను పొరను లాగి కట్టి, పక్క నుంచి ఊదిన గాలి ఆ పొరను లేపుతూ గొట్టంలోకి దూరేటట్లు అమరిస్తే, పొర రీడులా అదిరి బలమైన శబ్దం వస్తుంది. పొరను బిగిస్తే శ్రుతి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. 1985 నుంచి 1999 వరకు అమెరికాలో బార్ట్ హాప్కిన్ నడిపిన ఎక్స్‌పెరిమెంటల్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్ పత్రిక ఇంట్లో దొరికే వస్తువులతో చేసే ఇటువంటి వాద్యాల నిర్మాణాన్ని ప్రపంచమంతటా ఉన్న ఔత్సాహికులకు అందుబాటులోకి తెచ్చింది. ముడతలున్న ప్లాస్టిక్ గొట్టాన్ని గాలిలో గిరగిరా తిప్పితే, లోపలి ముడతల మీదుగా పోయే గాలిలో చిన్న సుడులు లేచి గొట్టం పాడుతుంది, వేగం పెరిగిన కొద్దీ స్వరం జారకుండా ఒక అనుస్వరం నుంచి మరొక అనుస్వరానికి ఎగురుతుంది. 1952లో గాజు కడ్డీలను తడి వేళ్లతో రాసి వాయించే క్రిస్టల్ బాషే వాద్యాన్ని సృష్టించిన ఫ్రెంచి సోదరులలో ఒకరైన ఫ్రాన్స్వా బాషే, ప్రయాణాలకు వీలుగా ఉండేందుకు గిటారు పెట్టె స్థానంలో గాలి ఊదిన ప్లాస్టిక్ బెలూనును వాడాడు. తీగను మోసేది గట్టి దండమే, దాని శబ్దాన్ని విస్తరించేది మాత్రం మెత్తని గాలి సంచి. బిగించడానికీ వదలడానికీ మధ్య పనుల పంపకం అక్కడ కంటికి కనబడుతుంది.

కీలు లేని కీలు

వంగే వస్తువు నాదానికి మాత్రమే కాదు, నాదాన్ని పుట్టించే యంత్రాంగానికీ పనికొస్తుంది. తలుపు కీలులో ఒక భాగం మరొక భాగం మీద తిరుగుతుంది. షాంపూ సీసా మూతలో మాత్రం పలుచబడిన ప్లాస్టిక్ పట్టీ ఒకటే వంగుతూ కీలు పని చేస్తుంది. ఇలా అతుకులతో కాక తన భాగాలు వంగడం వల్లనే కదలికను అందించే ఏర్పాటును ఇంజనీర్లు కంప్లయంట్ మెకానిజం అంటారు. ఆ శాస్త్రం గడచిన కొన్ని దశాబ్దాలలో అమెరికాలోని బ్రిగమ్ యంగ్, మిచిగన్ విశ్వవిద్యాలయాల్లోనూ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ విస్తృతంగా పెరిగింది. వాద్యానికి దీనివల్ల కలిగే మేలు పెద్దది: అతుకు లేని చోట ఒరిపిడి ఉండదు, సందు ఉండదు, సందు లేని చోట గలగలలాడే అనవసరపు చప్పుడు ఉండదు, వంగిన పట్టీ తనంతట తానే వెనక్కి వస్తుంది గనుక వేరే స్ప్రింగు అవసరం కూడా ఉండదు.

పేరు కొత్తదైనా పద్ధతి పాతదే. పియానోకు ముందు తరపు హార్ప్సికార్డు వాద్యంలో తీగను మీటేది పక్షి ఈక కాడ. అది తీగకు తగిలి వంగి, వంగి జారి, తీగను మోగిస్తుంది. తిరిగి కిందికి దిగేటప్పుడు తీగను మళ్లీ మీటకుండా, ఆ ఈకను మోసే చిన్న చెక్క నాలుక వెనక్కి ఒరిగి దారి ఇస్తుంది, దాన్ని మళ్లీ నిలబెట్టేది పంది వెంట్రుకతో చేసిన చిట్టి స్ప్రింగు. ఒక ఈక, ఒక వెంట్రుక కలిసి శతాబ్దాల పాటు యూరప్ సంగీతాన్ని మోశాయి.

వేలికి లొంగే మీటలు

మీటల వాద్యాల్లో స్వరాన్ని వంచే చనువు ఒకప్పుడు క్లావికార్డుకు ఉండేది. దాని మీట చివర ఉన్న ఇత్తడి పలక తీగను తాకి అక్కడే ఉండిపోతుంది గనుక, వేలిని మరికాస్త అదిమితే తీగ బిగిసి స్వరం కంపిస్తుంది. పియానో వచ్చాక పోయిన ఆ చనువును కెనడా శాస్త్రజ్ఞుడు హ్యూ లెకేన్ 1945 నుంచి 1948 వరకు నిర్మించిన ఎలక్ట్రానిక్ శాక్‌బట్‌లో తిరిగి తెచ్చాడు: అందులో మీటను కిందికి నొక్కే బలం నాదపు తీవ్రతను, పక్కకు నెట్టే బలం శ్రుతిని మారుస్తుంది. కాని 1983లో వాద్యాలనూ కంప్యూటర్లనూ కలపడానికి ఏర్పడిన మిడి ప్రమాణం స్వరాలను 128 మెట్ల నిచ్చెనగా లెక్కించింది, ఒక చానల్‌లో శ్రుతిని వంచితే అందులోని స్వరాలన్నీ కలిసే వంగుతాయి. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్న దారిలోనే ప్రాణం ఉన్న సంగీతాలకు ఆ నిచ్చెన ఇరుకైంది.

ఆ ఇరుకును వదిలించింది మెత్తని ఉపరితలాలే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిప్పోల్డ్ హేకెన్ తయారు చేసిన కంటిన్యూమ్ వాద్యంలో విడి మీటలు లేవు. మెత్తగా లోపలికి నొక్కుకునే ఒకే పట్టీ ఉంటుంది, ప్రతి వేలూ పక్కకు, ముందుకు వెనక్కు, లోతుకు ఎంత కదిలిందో వేరువేరుగా అది గ్రహిస్తుంది. 2013లో వచ్చిన సీబోర్డ్ అనే వాద్యంలో మీటలు సిలికాన్ అలల్లా ఉంటాయి. ఇటువంటి వాద్యాల కోసం ఒక్కొక్క స్వరాన్నీ విడిగా వంచే వీలు కల్పిస్తూ 2018లో మిడి ప్రమాణాన్ని విస్తరించారు. పెరూ దేశీయుడు హైమే ఒలివర్ రూపొందించిన సైలెంట్ డ్రమ్‌లో సాగే గుడ్డను చేత్తో నొక్కితే ఏర్పడే ఆకారాలను కెమెరా చదివి ధ్వనిగా మారుస్తుంది, కెనడాకు చెందిన మార్టిన్ మారియే వాద్యం పిండడానికీ మెలితిప్పడానికీ అనువైన ఒక స్పంజి ముద్ద. కాలిఫోర్నియాలో పనిచేసిన లెటీషియా సోనామి 1991లో వంటింటి రబ్బరు తొడుగులకు అయస్కాంతాలు కుట్టి మొదలుపెట్టిన చేతి తొడుగు వాద్యం, వేలి వంపునే స్వరంగా మార్చే పరంపరకు దారి వేసింది.

మెత్తదనం అడిగే ఓర్పు

ఇన్ని వరాలిచ్చే వంగే పదార్థం వాద్యకారుల నుంచి ఓర్పును కూడా కోరుతుంది. నైలాను తీగ కట్టిన తొలి రోజుల్లో లాగిన బిగువుకు నిదానంగా సాగిపోతూ మాటిమాటికీ శ్రుతి తప్పుతుంది; రబ్బరును నొక్కినప్పుడు ఒక దారిలో లోపలికి పోయి వదిలినప్పుడు మరొక దారిలో వెనక్కి వస్తుంది గనుక, నొక్కుడును స్వరంగా మార్చే వాద్యంలో పోయే దారికీ వచ్చే దారికీ స్వరం తేడాగా పలకవచ్చు. ఎండకూ గాలికీ రబ్బరు పెళుసుబారుతుంది, మళ్లీ మళ్లీ వంగిన లోహం ఏదో ఒకనాడు వంగిన చోటనే చిట్లుతుంది. అందుకే అనుభవం గల నిర్మాతలు వంపును ఒకే గీత మీద పడనీయకుండా పొడవు వెంట పంచుతారు, అరిగే భాగాన్ని సులువుగా మార్చుకునేటట్లు విడిగా ఉంచుతారు, వంగే భాగం పక్కనే వంగని ఆధారాన్ని నిలిపి కదలిక హద్దు దాటకుండా చూస్తారు. ఇన్ని చేసినా మిగిలే కొద్దిపాటి తేడాను సరిదిద్దేది వాయించేవారి చెవే. వంగే వాద్యం సాధన కోరేది అందుకే.

ఈ పంపకం ఎంత సూక్ష్మంగా ఉండవచ్చునో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. విజయనగరం ప్రాంతంలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుంచి కుండనూ దండినీ కలిపి తొలిచే ఏకాండి వీణలో కట్టె వంగదు. ఆ కట్టె మీద 24 లోహపు మెట్లను నిలిపేది మైనం. అది వాయించేటప్పుడు కదలనంత గట్టిది, మెట్టు స్థానాన్ని సరిదిద్దవలసి వచ్చినప్పుడు వేడికి లొంగేంత మెత్తనిది. వాటి మీద తీగ, వేలు పక్కకు లాగిన మేర సాగి, ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరస్థానాల దూరం నడిచి వస్తుంది. మెట్టు చూపేది స్వరం ఇల్లు. ఆ ఇంటి నుంచి ఎంత దూరం పోవాలో, ఎంత నిదానంగా తిరిగి రావాలో రాగం అడుగుతుంది, వేలు చెబుతుంది, తీగ వింటుంది. కట్టె వంగి ఉంటే ఆ ప్రయాణానికి బయలుదేరే చోటు ఉండేది కాదు, తీగ వంగకపోయి ఉంటే ప్రయాణమే ఉండేది కాదు.